పాత సామాన్ల కొట్లో అంతరిక్ష నౌక

లండన్ గ్రేట్ మార్ల్‌బరో వీధిలో ఒకప్పుడు బ్రనింగ్స్ అనే ఫొటో సామాన్ల కొట్టు ఉండేది. ‘స్టార్ వార్స్’ మొదటి సినిమాకు సరంజామా సమకూరుస్తున్న రోజుల్లో సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్ ఆ కొట్టుకు వెళ్ళి, పాతవీ వింతవీ ఏమైనా ఉన్నాయా అని అడిగారు. ఏళ్ళ తరబడి ఎవరూ కదపని పెట్టెలు అరల కింద ఉన్నాయని, చూసుకోమని యజమాని చెప్పాడు. దుమ్ము దులిపి ఒక పెట్టె తెరిస్తే లోపల గ్రాఫ్లెక్స్ కంపెనీ ఫ్లాష్ పిడులు. 1940ల నాటి పత్రికా ఫొటోగ్రాఫర్లు తమ భారీ కెమెరాల పక్కన నిలువుగా బిగించుకున్న గొట్టాలవి. తళతళలాడే లోహం, ఒక ఎర్ర మీట, లోపల మూడు పెద్ద బ్యాటరీలు పట్టే చోటు. మన ఇళ్ళలో దూలానికి వేలాడిన మూడు బ్యాటరీల టార్చిలైటు ఎంత ఉండేదో ఇంచుమించు అంతే.

క్రిస్టియన్ ఆ గొట్టానికి చుట్టూ నల్ల పట్టీలు సూపర్ గ్లూతో అంటించారు. పాత క్యాలిక్యులేటర్లలో అంకెలు పెద్దవిగా కనబడటానికి బుడగల వరసలాంటి ప్లాస్టిక్ పట్టీ ఒకటి ఉండేది. దాన్ని ఊడదీసి, గొట్టం మీది క్లాంపులో దూర్చారు. నడుముకు తగిలించుకోవడానికి కింద ఒక రింగు పెట్టారు. కథానాయకుడు లూక్ స్కైవాకర్ వెలుగు కత్తి, అంటే లైట్‌సేబర్, తయారైపోయింది. 1977లో సినిమా విడుదలైంది. మరుసటి ఏడాది దాని కళాదర్శకత్వానికి వచ్చిన ఆస్కార్‌ను పంచుకున్న వాళ్ళలో క్రిస్టియన్ కూడా ఉన్నారు.

సినిమాలో చూసిన వస్తువును ఇంట్లో చేసుకోవాలనుకునే వాళ్ళు తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఈ కథలోనే ఉంది. తెర మీద మనం నోరు తెరిచి చూసిన వస్తువుల్లో చాలావాటిని ఎవరూ శూన్యంలోంచి పుట్టించలేదు. ఎక్కడో ఒక కొట్లో, తుక్కు కుప్పలో అవి ముందే ఉన్నాయి.

ఈ చిట్టాకు అంతులేదు. 1984 నాటి ‘ఘోస్ట్‌బస్టర్స్’లో దెయ్యాల జాడ కనిపెట్టే పీకేఈ మీటరు నిజానికి బూట్లకు పాలిష్ పట్టే చేతి యంత్రం. మరుసటి ఏడాది వచ్చిన ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’లో చెత్తను ఇంధనంగా మార్చే మిస్టర్ ఫ్యూజన్, క్రప్స్ కంపెనీ కాఫీ గింజల గ్రైండరు. 1999 నాటి ‘ఫాంటమ్ మెనేస్’లో క్వైగాన్ జిన్ మాట్లాడే వైర్‌లెస్ పరికరమేమో ఆడవాళ్ళు వాడే జిల్లెట్ రేజరు పిడి. 1966లో ‘స్టార్ ట్రెక్’ వాళ్ళు ఒక కథ కోసం కొత్త తరహా ఉప్పు డబ్బాలు పోగేశారు. తీరా చూస్తే అవి ఉప్పు డబ్బాల్లా ఎవరికీ అనిపించవేమోనని సందేహం వచ్చింది. దాంతో వాటిని డాక్టర్ మెకాయ్ చేతికిచ్చి శస్త్రచికిత్స పనిముట్లు చేసేశారు. ఉప్పు డబ్బాల పాత్రకు మామూలు ఉప్పు డబ్బాలే వచ్చాయి.

డబ్బు ఆదా చేయడానికే ఇదంతా చేశారనుకుంటే సగమే అర్థమైనట్టు. ఒక ఫ్యాక్టరీ కుళాయి పిడిని తయారు చేసిందంటే, దాని వెనక ఒక ఇంజనీరు కూర్చుని ఎక్కడ మందం ఉండాలి, ఎక్కడ వేలు ఆనాలి, ఎక్కడ మర బిగించాలి అని తల బద్దలుకొట్టుకుని ఉంటాడు. ఆ ఆలోచన వస్తువు ఒంటి మీద గీతలుగా, మడతలుగా, మరల తలలుగా మిగిలిపోతుంది. ఊహించి గీసిన బొమ్మకు ఆ నమ్మకం రాదు. ప్రేక్షకుడు దాన్ని గుర్తుపట్టకపోయినా, ఇదేదో పనిచేసే వస్తువేనని అతని కన్ను ఒప్పుకుంటుంది.

ప్రతిరూపాలు చేసేవాళ్ళ పని దీనికి తిరగబడి నడుస్తుంది. తెర మీద బొమ్మను చూసి, అందులో ఏ కుళాయి ఉందో, ఏ రేజరు ఉందో వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. ‘స్టార్ వార్స్’లోని జెడై వీరుడు ఒబీవాన్ కెనోబీ లైట్‌సేబర్ దీనికి మంచి ఉదాహరణ. అభిమానులు ఏళ్ళ తరబడి శోధించి దాని అంగాంగం తేల్చారు. పట్టుకునే భాగం మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ రైఫిల్ గ్రెనేడు. ఒక చివర రోల్స్ రాయిస్ డర్వెంట్ జెట్ ఇంజనులో గాలి ఒత్తిడి సమం చేసే చిన్న గొట్టం. మధ్యలో గ్రాఫ్లెక్స్ క్లాంపు. రెండో చివర ఆర్మిటేజ్ షాంక్స్ కంపెనీ కుళాయి పిడి. జెడై వీరుడి ఆయుధానికి ఒక కొస స్నానాల గదిలోంచి వచ్చిందన్న మాట.

ఇలా ఒక్క అసలు భాగం దొరికితే చాలు, అదే కొలబద్ద అవుతుంది. ఫొటోలో కుళాయి పిడి ఎన్ని మిల్లీమీటర్లు కనిపిస్తోందో, చేతిలో ఉన్న పిడి నిజంగా ఎన్ని మిల్లీమీటర్లో తెలిస్తే మిగతా భాగాల కొలతలు త్రైరాశికంతో వచ్చేస్తాయి. ఎనిమిదో తరగతి లెక్క. కాకపోతే ఫొటో పక్క నుంచి, దూరం నుంచి, జూమ్ చేసి తీసినదై ఉండాలి. దగ్గర నుంచి తీసిన ఫొటోలో ముందున్నది ఉబ్బి, వెనకున్నది చిక్కిపోయి లెక్క తప్పుతుంది.

ఇంత పట్టుదల ఎందాకా పోతుందో చూడాలంటే ‘బ్లేడ్ రన్నర్’ తుపాకీ చరిత్ర చదవాలి. 1982లో వచ్చిన ఆ సినిమాలో హారిసన్ ఫోర్డ్ చేతిలో ఉన్నది రెండు నిజమైన ఆయుధాల కలయిక. ఆస్ట్రియా వాళ్ళ స్టయర్ మాన్లిషర్ రైఫిల్ మధ్య భాగాన్ని, అమెరికా వాళ్ళ చార్టర్ ఆర్మ్స్ బుల్‌డాగ్ రివాల్వర్‌ను కలిపి, తేనె రంగు పారదర్శక పిడి తొడిగి, చిన్న దీపాలు పెట్టారు. అసలు తుపాకీ ఏమైందో చాలాకాలం బయటికి తెలియలేదు. వీడియో టేపును ఆపి ఆపి చూస్తూ, మసక బొమ్మల్లో మరలు లెక్కపెట్టుకుంటూ ఎన్నో ప్రతిరూపాలు చేశారు అభిమానులు. 2006లో లాస్ ఏంజెలెస్ దగ్గర జరిగిన ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభల్లో అసలుది ప్రదర్శనకు వచ్చింది. అప్పటిదాకా సాగిన వాదాలు కొన్ని తీరాయి, కొత్తవి మొదలయ్యాయి. 2009 వేలంలో అది 2,70,000 డాలర్లు పలికింది. ‘మిత్‌బస్టర్స్’ కార్యక్రమంతో పేరు తెచ్చుకున్న ఆడమ్ శావేజ్ అదే తుపాకీని మళ్ళీ మళ్ళీ చేశారు, ప్రతిసారీ ముందుదాని కంటే అసలుకు దగ్గరగా.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మాత్రం దీని జోలికి పోకపోవడం మంచిది. నిజం తుపాకీలా కనిపించే వస్తువు ఇంటి అరలో ఉన్నంతసేపూ ముచ్చటే. బస్టాండులో, విమానాశ్రయంలో బయటపడితే పోలీసులకు సినిమా కథ చెప్పి ఒప్పించడం కష్టం.

కన్ను పట్టే చోటు

పాత వస్తువులో కొత్త ఆకారాన్ని చూసే అలవాటు కంటికి పుట్టుకతో రాదు. సాధన చేస్తే వస్తుంది. ఇంట్లో పాడైన మిక్సీనో, ప్రింటరునో, క్యాసెట్ల టేప్ రికార్డరునో విప్పి, ముక్కలన్నీ పాత దుప్పటి మీద పరిచి, ఒక్కొక్కటీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని నీడ చూడాలి. నీడలో రంగు పోతుంది, కంపెనీ పేరు పోతుంది, ఇది ఫలానా పని చేసేదన్న జ్ఞాపకం కూడా కాస్త పోతుంది. ఆకారం మిగులుతుంది. మిక్సీ జారు అడుగున ఉండే పళ్ళ కప్లర్ అప్పుడు అంతరిక్ష నౌక ఇంజను మూతి. ప్రింటరులో కాగితం లాగే రోలరు రాకెట్ కాలు. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ మోడల్ పనివాళ్ళు ‘స్టార్ వార్స్’ నౌకల ఒంటినిండా అంటించినవి ఇలాంటి తునకలే. యుద్ధ ట్యాంకులు, కార్ల బొమ్మల కిట్లు డజన్ల కొద్దీ కొని, భాగాలు ఊడబెరికి, నౌక పైకప్పు మీద అతికారు. ట్యాంకు చక్రాన్ని ట్యాంకు చక్రంగా ఎవరూ చూడలేదు.

సామాను కోసం దూరం పోనక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీల భాగాలు విడదీసి అమ్మే షెడ్లు వరసగా ఉంటాయి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత ఉంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గొట్టాలు, వాల్వులు, గేజీలు కొత్తవే దొరుకుతాయి. కోఠి గుజరాతీ గల్లీలో స్విచ్చులు, నాబులు, ఎల్‌ఈడీలు. ఊళ్ళలోనైతే పాత ఇనుప సామాన్ల కొట్టే గని. ఆ కొట్ల దగ్గర సంభాషణ ఎప్పుడూ ఒకలాగే మొదలవుతుంది.

“అన్నా, ఈ ఇత్తడి వాల్వు ఎంత?”

“ఏ మోటారుకి తమ్ముడూ?”

“మోటారుకి కాదన్నా, బొమ్మ చేసుకోడానికి.”

ఆ జవాబు విన్నాక కొట్టతను ఒకసారి తేరిపార చూసి, వాల్వును త్రాసులో వేస్తాడు. మోటారుకైతే భాగం లెక్కన ధర, బొమ్మకైతే తూకం లెక్కన ధర. అందుకే నిజం చెప్పడంలోనే లాభం. క్రిస్టియన్ కూడా మిలేనియం ఫాల్కన్ నౌక లోపలి గోడలకు పాత విమానాల తుక్కు కొన్నారు. అదీ తుక్కు ధరకే.

విప్పకూడనివి కొన్ని ఉన్నాయి. మైక్రోవేవ్ ఓవెన్‌లోని కెపాసిటర్‌లో ప్లగ్గు పీకేశాక కూడా ప్రాణం తీసేంత కరెంటు నిలవ ఉండవచ్చు. డబ్బా టీవీ పిక్చర్ ట్యూబు దగ్గరా అదే ప్రమాదం. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ ఉన్న పాత కెమెరా చూడటానికి బుల్లిదే, లోపలి కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టులు ఉంటాయి. ఉబ్బిన ఫోను బ్యాటరీని ముట్టుకోకపోవడమే మేలు. ఏది వదిలేయాలో తెలియడం కూడా ఈ విద్యలో భాగమే.

వెతకడమా, పోత పోయడమా

అన్ని భాగాలూ దొరకవు. దొరికినా కొనలేం. లైట్‌సేబర్లు చేసుకోవడానికి అభిమానులు ఎగబడటంతో గ్రాఫ్లెక్స్ పిడుల ధర కొండెక్కింది. పాత కెమెరాలు సేకరించేవాళ్ళు ఈ విషయంలో లైట్‌సేబర్ అభిమానుల మీద గుర్రుగా ఉంటారంటే వాళ్ళ తప్పేమీ లేదు. ఇలాంటి చోట దారి మూడు రకాలు. దగ్గరి పోలిక ఉన్నదాన్ని వాడటం, మట్టితోనో చెక్కతోనో కొత్తగా మలచడం, ఒక్కటి సంపాదించి దానికి అచ్చు తీసి పోత పోయడం. మొదటి ప్రయత్నంలో మూడూ కలుస్తాయి. వాష్ బేసిన్ కింద ఉండే క్రోమ్ బాటిల్ ట్రాప్ గొట్టం గ్రాఫ్లెక్స్ కంటే కాస్త సన్నం. అయినా చేతికి నప్పుతుంది. ఆ గొట్టానికి కొసన పెట్టే కుళాయి పిడికి అచ్చు తీయడం నేర్చుకుంటే, మిగతా పనులు దాని కొనసాగింపే.

తెలుగు నేలకు అచ్చు, పోత కొత్తవి కావు. ఆదిలాబాద్ జిల్లా ఓజా కళాకారులు చేసే డోక్రా బొమ్మల్లో మట్టి ముద్ద మీద మైనం తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి కారిపోయిన ఖాళీలోకి ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే అచ్చు పగలగొట్టాలి. ఒక అచ్చుకు ఒకే బొమ్మ. ధూల్‌పేటలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వినాయకుళ్ళ లెక్క వేరు. ఒకే అచ్చులోంచి వరసగా బొమ్మలు తీస్తారు. లోపల కొబ్బరి పీచు ప్లాస్టర్‌లో ముంచి పరుస్తారు కాబట్టి పల్చగా ఉన్నా బొమ్మ విరగదు. సినిమా వస్తువులు చేసేవాళ్ళకు పనికొచ్చేది ఈ రెండో పద్ధతి. అచ్చు మాత్రం సిలికాన్ రబ్బరుతో.

కుళాయి పిడి అచ్చు తీయడానికి ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది బయటికి ఎలా వస్తుంది? మొదటిసారి చేసేవాళ్ళు లోపలికి ఎలా పోయాలా అని ఆలోచిస్తారు. చెయ్యి తిరిగినవాళ్ళు బయటికి తీయడం గురించి ఆలోచిస్తారు. అడుగు చదునుగా ఉండి, పైకి పోనుపోను సన్నబడే వస్తువైతే ఒకే ముక్క అచ్చు చాలు. కుళాయి పిడి అలా కాదు. మధ్యలో నడుము సన్నం, అంచుల్లో వేళ్ళ పట్టు కోసం గాళ్ళు. సిలికాన్ సాగుతుంది కాబట్టి కొంతవరకు ఊడివస్తుంది గానీ, నాలుగుసార్లు లాగాక చిరుగుతుంది. కాబట్టి రెండు ముక్కల అచ్చు.

పిడిని సరిగ్గా సగం వరకు బంకమట్టిలో కూర్చోబెడతారు. పిల్లలు ఆడుకునే మైనపు మట్టి అయితే శుభ్రంగా ఉంటుంది. మట్టికీ పిడికీ మధ్య సందు లేకుండా సన్నటి పుల్లతో నొక్కుకుంటూ రావాలి. ఓపిక పరీక్షించే ఘట్టం ఇదే, తొందరపడిన వాళ్ళందరికీ పోతలో ఇక్కడే గీత పడుతుంది. మట్టి మీద అక్కడక్కడా పెన్ను వెనక భాగంతో నాలుగైదు గుంటలు నొక్కుతారు. రేపు రెండు ముక్కలూ జారిపోకుండా ఒకదాన్నొకటి పట్టుకునేది వీటితోనే. పోయడానికి ఒక దారి, గాలి పోవడానికి ఇంకో దారి మట్టితోనే పాముల్లా చేసి పెడతారు. చుట్టూ ఫోమ్ బోర్డు గోడలు కట్టి, మూలల్ని గ్లూ గన్‌తో మూస్తారు. పిడి పైనా పక్కలా ఒక సెంటీమీటరు ఖాళీ ఉంటే చాలు. అంతకంటే ఎక్కువ వదిలితే సిలికాన్ దండగ, అదేమీ చవకైన సరుకు కాదు.

ఎంత సిలికాన్ కావాలో తేల్చడానికి చిట్కా ఒకటి ఉంది. ఆ పెట్టెలో పిడి మునిగేదాకా బియ్యం పోసి, ఆ బియ్యాన్ని కొలిచే గ్లాసులోకి ఒంపుకోవాలి. ఎన్ని మిల్లీలీటర్లుంటే అన్ని, పైన కొంచెం. తర్వాత బియ్యపు పిండి కూడా మిగలకుండా బ్రష్షుతో దులపాలి. సిలికాన్ వేలిముద్రను కూడా వదలదు, పిండి గింజను వదులుతుందా!

మన దగ్గర సులువుగా దొరికే సిలికాన్ టిన్ రకం. బరువులో నూటికి ఇన్ని వంతులు అని డబ్బా మీద రాసినంత హార్డెనర్ కలపాలి. వంటింటి డిజిటల్ త్రాసు ఉండాల్సిందే, కంటి అంచనా పనికిరాదు. ఖరీదైన ప్లాటినం రకం ఏళ్ళ తరబడి కుంచించుకోకుండా ఉంటుంది గానీ దానికి మడి ఎక్కువ. గంధకం ఉన్న మట్టి, రబ్బరు తొడుగులు తగిలినా చాలు, ఆ చోట గట్టిపడకుండా జిగటగా ఉండిపోతుంది. కనిపించని మూల ఒక చుక్క వేసి చూసుకున్నాకే అసలు పని మొదలుపెట్టాలి. కలిపిన సిలికాన్‌ను నేరుగా వస్తువు మీద కుమ్మరించకుండా, పెట్టెలో ఒక మూల నుంచి, ఎత్తు నుంచి తీగపాకంలా సన్నటి ధారగా వదలాలి. సన్నబడే దారిలోనే బుడగలు చిట్లిపోతాయి. మట్టం తనంతట తానే పైకి లేస్తూ పిడిని మింగుతుంది.

మర్నాటికి గట్టిపడుతుంది. పెట్టెను తిరగేసి మట్టి అంతా తీసేస్తే పిడి రెండో సగం బయటపడుతుంది. ఇక్కడ పొరపాటు జరిగితే అంతా పోతుంది. సిలికాన్ దాదాపు దేనికీ అంటుకోదు, ఒక్క సిలికాన్‌కు తప్ప. మొదటి సగం మీద వాజలిన్ పల్చగా, ఒక్క చోటు కూడా వదలకుండా పూయాలి. అది మరిచిపోయి రెండో సగం పోస్తే మర్నాడు చేతికొచ్చేది ఒక రబ్బరు ఇటుక, దాని కడుపులో ఒక కుళాయి పిడి.

అచ్చు సిద్ధమయ్యాక పోత పని కొన్ని నిమిషాలదే. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చవక, సాధనకు బాగుంటుంది. ప్రతిరూపానికి పాలియురెథేన్ రెజిన్ మేలు. చాలా రకాల్లో రెండు ద్రవాలు సమానంగా కలపడమే. కలిపాక గట్టిపడేలోగా దొరికే వ్యవధి కొన్ని నిమిషాలు. మే నెల ఎండల్లో అదీ దొరకదు, గ్లాసులోనే రాయి అవుతుంది. అందుకే తెల్లవారుజామున పని పెట్టుకోవడం తెలివి. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల ఇంకో చిక్కు ఉంది. ఈ రెజిన్ గాలిలోని తేమతో కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పోత నిండా నురగలాంటి బుడగలు వస్తే తప్పు చేతిది కాకపోవచ్చు, వాతావరణానిది. డబ్బా మూత వెంటనే బిగించడం, వానరోజున పని మానుకోవడం తప్ప దానికి పెద్ద మందు లేదు.

ఫైబర్ పనివాళ్ళు వాడే పాలియెస్టర్ రెజిన్ ప్రతి పట్టణంలోనూ దొరుకుతుంది. హెల్మెట్లు, కవచాల్లాంటి పెద్ద వస్తువులకు గ్లాస్ మ్యాట్‌తో కలిపి వాడతారు. దానితో పాటు కోబాల్ట్ అనే ఊదారంగు ద్రవం, క్యాటలిస్ట్ అనే నీళ్ళలాంటి ద్రవం ఇస్తారు. ఈ రెండూ నేరుగా కలిస్తే మంట లేచి పేలే ప్రమాదం ఉంది. ముందు రెజిన్‌లో కోబాల్ట్ బాగా కలిపాకే, వాడబోయే నిమిషంలో క్యాటలిస్ట్ నూటికి ఒకటి రెండు వంతులు వేయాలి. రెండు సీసాలూ వేర్వేరు అరల్లో ఉండాలి. పాలియురెథేన్‌లోని ఐసోసైనేట్ ఆవిరి పీలిస్తే కొందరికి ఆస్తమా పట్టుకుని జీవితాంతం వదలదు. ముక్కుకు చుట్టుకునే రుమాలు, కరోనా నాటి మాస్కు ఈ ఆవిర్లను ఆపలేవు. రసాయన ఆవిర్లకు తగిన గుళికలున్న మాస్కు, నైట్రైల్ తొడుగులు, తలుపులు తెరిచిన వరండా కావాలి. అమాయకంగా కనిపించే ప్లాస్టర్ కూడా గట్టిపడేటప్పుడు 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. 2007లో ఇంగ్లండ్‌లోని ఒక బడిలో, చేతుల అచ్చు తీయాలని 16 ఏళ్ళ అమ్మాయి బకెట్టెడు ప్లాస్టర్‌లో చేతులు పెట్టింది. చాలా వేళ్ళు పోగొట్టుకుంది. ఒంటి అచ్చు తీయడానికి పళ్ళ డాక్టర్లు వాడే ఆల్జినేట్ ఉంది. ప్లాస్టర్ దాని మీద పైపొరగా మాత్రమే పనికొస్తుంది.

తుప్పు, మసి, బరువు

అచ్చులోంచి తీసిన పిడి తెల్లగా పాలిపోయి ఉంటుంది. దాన్ని లోహం చేయడానికి రెండు మార్గాలు. ప్రైమర్ కొట్టి, ఉప్పు కాగితంతో నున్నగా రుద్ది, స్ప్రే రంగు వేయడం ఒకటి. గుంటలు పడితే కార్ల షెడ్లో వాడే పుట్టీ, లప్పం ఉన్నాయి. రెండోది ఇంకా ముచ్చటైనది. పోయడానికి ముందే అచ్చు గోడలకు అల్యూమినియం పొడో కంచు పొడో అద్ది, అదే పొడి కొంచెం కలిపిన రెజిన్ పోస్తారు. బయటికి తీశాక సన్నటి స్టీలు పీచుతో రుద్దితే లోహపు రేణువులు పైకి తేలి నిజం లోహంలా మెరుస్తుంది. ముట్టుకుంటే కాస్త చల్లగా కూడా ఉంటుంది.

కొత్తగా మెరిసే వస్తువును ఎవరూ నమ్మరు. నల్లరంగులో గోధుమరంగు కలిపి, నీళ్ళతో పల్చన చేసి ఒంటినిండా పూసి, వెంటనే గుడ్డతో తుడిచేస్తే గాళ్ళల్లో మసి నిలిచిపోతుంది. అంచుల మీద స్పాంజి ముక్కతో వెండిరంగు అక్కడక్కడా అద్దితే రంగు ఊడి లోపలి ఇనుము కనిపించినట్టు ఉంటుంది. ఎక్కడ అద్దాలో తెలియాలంటే పాత స్కూటరు హ్యాండిలు చూడాలి. చెయ్యి పడే చోట అరుగుతుంది, చెయ్యి పడని సందుల్లో మురికి చేరుతుంది. అన్ని చోట్లా సమానంగా మురికి పూసినవాళ్ళ పని దూరం నుంచే తెలిసిపోతుంది.

బరువు సంగతి వస్తువు ఎందుకన్న దాన్ని బట్టి తేలుతుంది. సినిమాలో దగ్గర నుంచి చూపించే కత్తి వేరు, పోరాటంలో తిప్పే కత్తి వేరు. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ కోసం న్యూజిలాండ్ వెటా వర్క్‌షాప్ ఒకే కత్తిని ఉక్కుతో, అల్యూమినియంతో, మెత్తటి యురెథేన్‌తో విడివిడిగా చేసింది. ‘బాహుబలి’కి కళాదర్శకుడు సాబు సిరిల్ బృందం కత్తులను కార్బన్ ఫైబర్‌తో తేలిగ్గా చేసింది. నటులు రోజంతా తిప్పాలి మరి. అరలో పెట్టుకునే ప్రతిరూపానికి ఆ బాధ లేదు. బోలు పోతలో గుప్పెడు సైకిలు బేరింగు గోళీలు వేసి రెజిన్‌తో మూసేస్తే, చేతిలోకి తీసుకున్నవాళ్ళు కనుబొమలెత్తుతారు.

ఎవరి వస్తువు, ఎవరి అచ్చు

ఇంట్లో ఒక్కటి చేసుకోవడానికీ, చేసి అమ్మడానికీ తేడా ఉంది. ‘స్టార్ వార్స్’ స్టార్మ్‌ట్రూపర్ హెల్మెట్లను 1976లో ప్లాస్టిక్ షీట్లతో తయారు చేసిన ఆండ్రూ ఏన్స్‌వర్త్, చాలా ఏళ్ళ తర్వాత అవే హెల్మెట్లను మళ్ళీ చేసి అమ్మడం మొదలుపెట్టారు. లూకాస్‌ఫిల్మ్ అమెరికాలో కేసు వేసి రెండు కోట్ల డాలర్ల తీర్పు సంపాదించింది. తర్వాత గొడవ బ్రిటన్‌కు చేరింది. అక్కడి న్యాయమూర్తులు తేల్చాల్సి వచ్చిన ప్రశ్న చిత్రమైంది: హెల్మెట్ శిల్పమా, కాదా? శిల్పమైతే కాపీరైట్ దశాబ్దాల పాటు ఉంటుంది. 2011లో బ్రిటన్ సుప్రీంకోర్టు అది శిల్పం కాదు, సినిమా తీయడానికి వాడిన సరంజామా అంది. అమెరికా కాపీరైట్ ఉల్లంఘనను మాత్రం ఇంగ్లండ్ కోర్టుల్లోనూ విచారించవచ్చని చెప్పింది. అంటే ఏన్స్‌వర్త్ తన దేశంలో గెలిచారు, అమెరికాకు అమ్మిన వాటి విషయంలో చిక్కుకున్నారు. ఒక్క హెల్మెట్‌కే ఇంత కథ ఉంటే, అమ్మాలనుకునేవాళ్ళు వకీలును కలవడం దండగ ఖర్చేమీ కాదు.

ఈ అభిరుచి కొందరికి బతుకుతెరువూ అయింది. ఆర్2-డీ2 రోబోను ఇంట్లో చేసుకున్న బ్రిటిష్ అభిమానులు లీ టవర్సీ, ఆలివర్ స్టీపుల్స్ 2013లో జర్మనీలో జరిగిన స్టార్ వార్స్ ఉత్సవంలో తమ రోబోలను ప్రదర్శించారు. అప్పటి లూకాస్‌ఫిల్మ్ అధినేత కాథ్లీన్ కెన్నెడీ అక్కడికి వచ్చినప్పుడు, కావాలంటే సినిమాకు పనిచేస్తామని మాటవరసకు అన్నారు. ‘ది ఫోర్స్ అవేకెన్స్’కు ఆర్2-డీ2 చేసే పని వాళ్ళకే వచ్చింది.

చట్టం సంగతి అలా ఉంచితే, ఈ పని చేసేవాళ్ళు తమలో తాము క్షమించని తప్పు ఇంకొకటుంది. వేరొకరు నెలల తరబడి మలిచిన ప్రతిరూపాన్ని కొని, దానికి అచ్చు తీసి, తనదిగా అమ్మడం. ఇది దాచినా దాగదు. పోత పోసిన ప్రతిసారీ వస్తువు కొంచెం కుంచించుకుంటుంది, అంచుల పదును కొంచెం తగ్గుతుంది. ఆడమ్ శావేజ్‌కు ఇదే సంగతి మరో దారిలో ఎదురైంది. 1941 నాటి ‘మాల్టీస్ ఫాల్కన్’ సినిమాలోని నల్ల డేగను ఆయన అసలు కొలతలకు సరిపోయేలా మలిచి, కంచులో పోత పోయించారు. తీరా చూస్తే డేగ చిన్నదైపోయింది. మైనం కుంచించుకుంది, కంచు చల్లారుతూ మరో నూటికి ఒకటిన్నర, రెండు వంతులు కుంచించుకుంది. అసలు డేగ ఒకటి 2013లో నలభై లక్షల డాలర్లకు పైగా పలికిన వేలం వస్తువు. దాని పక్కన ఆ తేడా చిన్నదేమీ కాదు.

అందుకే సిలికాన్ డబ్బా మూత తీయకముందే వెర్నియర్ కాలిపర్‌తో మూల వస్తువు పొడవు, వెడల్పు, గాళ్ళ లోతు కొలిచి నోటుపుస్తకంలో రాసుకుంటారు చెయ్యి తిరిగినవాళ్ళు. పక్కన తేదీ, కలిపిన హార్డెనర్ ఎంత, ఆ రోజు ఎండ ఎంత అన్నవి కూడా. తీసిన ప్రతి పోతనూ మళ్ళీ కొలిచి అదే పేజీలో కింద వేస్తారు. టిన్ సిలికాన్ అచ్చు అరలో ఉండగానే మెల్లగా బిగుసుకుపోతుంది కాబట్టి, ఏడాది తర్వాత అదే అచ్చులో పోసిన పిడి గొట్టం మీద కూర్చోకపోతే, ఉప్పు కాగితం అందుకునే ముందు ఆ పేజీ తిరగేస్తారు.